కోయని పైపులు

మోటరు స్టార్టరు పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది అరుణ. పొద్దున ఆరింటికి కూర్చున్నది, పదిన్నర దాటినా లేవలేదు.

"లెవ్వు," అన్నాడు మల్లేశ్వర్.

"లెవ్వ."

"జర్రసేపైతే అవ్వ వస్తది అరుణా. చలివేంద్రంల నీళ్ల రంజన్లు ఖాళీ అయినయి. రోహిణి కార్తె ఎండ. మోటరెయ్యకుంటే ఎట్ల?"

"నన్ను పక్కకు నూకి ఎయ్యి మరి."

మొగుడికి ఎదురు చెప్పడం అరుణకు కొత్త కాదు. ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుందని ఊరంతా అనుకుంటుంది, మల్లేశ్వరూ అలాగే అనుకుంటాడు. కానీ ఇవాళ ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే పంతం లేదు. భయం ఉంది.

ఆ భయానికి కారకుడు రేకుల షెడ్డు కింద మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె తమ్ముడు ఉపేందర్. పక్కనే చేతిసంచిలో, తను పనిచేసే గనిలో ఎవరికీ చెప్పకుండా తెచ్చిన మీటరు. తెల్లారేసరికి బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా బోరు దగ్గరికి పోయి, పైపు అతుకు విప్పించి, లోపలికి ఆ మీటరు పెట్టాడు. ఉగాది నాడు అరుణ అత్త దుర్గవ్వ పెట్టిన పసుపు బొట్టు ఇంకా ఆ అతుకు మీద ఉంది. మీటరు టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు అరుణ చెవుల్లోంచి ఇంకా పోలేదు.

తల మీద విమానం దిగుతోంది. శంషాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో అదొక అలవాటు. విమానం పైకి వచ్చినప్పుడు అందరూ మాట ఆపుతారు, అది పోగానే ఆపిన చోటి నుంచి అందుకుంటారు. తిట్లయినా అంతే.

విమానం పోయింది.

"నాకు సమజ్ గాలె. ఇంకోసారి చెప్పు," మల్లేశ్వర్ బామ్మర్ది వైపు తిరిగాడు. "మీటరు పెట్టి చూసిన, పైపులు మంచిగున్నయి అని నువ్వే అంటివి. సంతకం నువ్వే జేస్తివి."

"మీద చూసిన బావా."

"మీద అంటే?"

"పైపు మీద. లోపల చూడలె."

ఉపేందర్ ఉద్యోగమే చూడటం. అతను పనిచేసే యురేనియం గని నుంచి బయటికి పోయే ప్రతి ఇనుప ముక్కనూ రేడియేషన్ కొలిచే మీటరుతో పరీక్షించి, శుభ్రంగా ఉంటేనే గేటు దాటనివ్వాలి. ఈ పైపులు రాయిని పిండి చేసి యురేనియం తీసుకున్నాక మిగిలే బురదను, చెరువంత గుంటలోకి మోసినవి. బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా గార పట్టినట్టు, ఏళ్ల తరబడి బురద పారిన పైపుకు లోపల గార పడుతుంది. విషమంతా ఆ గారలోనే ఉంటుంది. అందుకే పాత పైపును నిలువునా కోసి లోపల చూడాలి. గార ఉంటే గనిలోనే పూడ్చేయాలి. అది అక్కడి రూలు.

కోసిన పైపు ఎవరికీ పనికిరాదు. అందుకనే ఉపేందర్ కోయలేదు. పద్నాలుగు పైపులను నిండు పొడుగున ఉంచి, పైపైన మీటరు తిప్పి, సంతకం చేసి తుక్కు వేలంలోకి పంపాడు. లంచం తిని కాదు. అక్క అడిగిందని.

"నేనే అడిగిన," అంది అరుణ నేలను చూస్తూ. "రోడ్డు కింది ప్లాస్టిక్ పైపు టిప్పర్లెక్కి మాటిమాటికి పలుగుతున్నది తమ్మీ, మీ దగ్గర గట్టి ఇనుప పైపులుంటయంట గద, అని నేనే ఫోన్ జేసిన."

"నువ్వడిగితే మాత్రం వీనికి తెల్వదా?" మల్లేశ్వర్ గొంతు లేచింది. "సదువుకున్నోడు గద! గదే నౌకరి గద!"

"ఒర్రకు. వేలానికి పోయి కొనుక్కొచ్చింది నువ్వు గాదా? 'నిండు పైపులు, ఒక్క తూటు లేదు, నా బామ్మర్ది జేసి దొరికినయి' అని ఊరంత జెప్పుకుంటివి."

మల్లేశ్వర్ నోరు మూతపడింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ షెడ్డు కింద ఒక్కరి పిడికిలీ ఖాళీగా లేదు.

"నిన్న అదే లైనుల ఒక పైపు లారీకెక్కిస్తుంటే జారి పడ్డది బావా," ఉపేందర్ మెల్లగా అన్నాడు. "రెండు ముక్కలైంది. లోపల నా వేలు మందం గార. మీటరు పెట్టిన. పెట్టి..." అక్కడితో ఆగిపోయాడు. "ఆడికెల్లి ఆగకుంట బస్సెక్కిన."

"నీళ్లు తేటగున్నయి గదరా. నేను గూడ తాగిన. రెండు నెల్లసంది ఆడ కూసున్నప్పుడల్ల తాగుతున్న. ఏమైంది నాకు?"

"ఇప్పుడేం గాదు."

"మరెప్పుడైతది?"

మళ్లీ విమానం వచ్చింది. ముగ్గురూ ఆగారు. అది పోయాక ఉపేందర్ మాట అందుకోవాలి. అందుకోలేదు.

"అడుగుతున్న గద!"

"ఏండ్లు పడతది బావా. కిడ్నీలకు కావచ్చు, బొక్కలకు కావచ్చు. ఏం గాకపోవచ్చు గూడ. నీళ్లల్ల ఎంత కలిసిందో ల్యాబుల చూస్తెనే తెలుస్తది. నేనిప్పుడు ఏం జెప్పినా అబద్ధమే."

కీడు ఇంత అని తెలిస్తే ఏడ్చి ఊరుకోవచ్చు. ఎంతో తెలియనిదాన్ని ఏం చేసుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మల్లేశ్వర్ అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"సరే. ఇంట్లకు నల్లా నీళ్లే వస్తయి, గంతవరకు నయం. ఈ పైపులు బోరుకెల్లి చలివేంద్రం దాకనే. ఇయ్యాలనే పీకేస్త. కాటేదాన్ల తుక్కుకేసొస్త."

"వద్దు బావా! కొలిమిల కరగవోస్తరు. సలాకలు జేస్తరు. ఎవలింటి పిల్లర్ల పడతదో."

"మామిడిపల్లి అవుతల రాళ్లు తీసిన గుంత ఉంది. అండ్ల పారేస్త."

"వానకు నిండుతది. బర్లు తాగుతయి."

"పొలంల బొందవెడత!"

"నీ బోరు అండ్లనే ఉంది గద బావా."

"మరేడ పెట్టాలెరా? నా నెత్తి మీద పెట్టుకోవాల్నా?"

"గనిలనే," అన్నాడు ఉపేందర్. "వాటికి ఆడ తప్ప ఇంకేడ జాగ లేదు. సిమెంటు గుంతల పెట్టి మూస్తరు."

"తీస్కవో మరి. నేనే లారీ మాట్లాడుత."

"గేటుల ఊకెనే తీసుకోరు. ఎందుకు వాపసొచ్చినయి, ఎవరు పంపిండ్రు, ఎవరు వాడిండ్రు అని కాయిదం రాయాలె. పంపిన కాయిదం మీద నా సంతకం ఉంది."

ఆ మాట అర్థం కావడానికి అరుణకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక స్టార్టరు పెట్టెను వదిలి లేచి నిలబడింది.

"నౌకరి పోతదా?"

"నౌకరి పోతే ఏదన్న చేసుకుంట అక్కా. కేసైతది."

"జైలా?"

ఉపేందర్‌కు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి పేరు పెట్టింది అరుణే. పొద్దున్నుంచి మోటరు వేయనివ్వకుండా అడ్డం కూర్చున్న ఆ మనిషే ఇప్పుడు మొగుడి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అంది.

"ఎవలకు జెప్పొద్దు."

మల్లేశ్వర్ చూశాడు.

"పైపులు పీకి షెడ్డుల పెడదాం. తాళమేద్దాం. నీళ్ల డబ్బాలు తెచ్చి రంజన్లల్ల పోద్దాం. మోటరు కాలిందని చెప్దాం. అత్తమ్మకు గూడ జెప్పొద్దు. ఆమెకు తెలిస్తే పానం వోతది."

"తాగినోళ్ల సంగతి?" అన్నాడు ఉపేందర్.

"నువ్వే అంటివి గద, ఏం గాకపోవచ్చని!"

మల్లేశ్వర్ సరేనన్నాడు, ఉపేందర్ కాదనలేకపోయాడు. చిత్రం చూడండి. పొద్దున్నుంచి మూడు దిక్కులకు లాగినవాళ్లు, దాచుదాం అనే మాట దగ్గర ఒక్కటయ్యారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే నాకు ఈ కథ రాయడం ఇంత కష్టమయ్యేది కాదు.

అప్పుడే గేటు చప్పుడైంది.

దుర్గవ్వ ఎండలో నడిచి వచ్చింది. నెత్తి మీద తడికొంగు, ఒక చేతిలో రంజన్లో ముంచే పొడుగు కాడ డొంకె, రెండో చేతిలో రాగి చెంబు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మల్లేశ్వర్‌కు తల్లి. శ్రీకాంత్‌కు కూడా.

మల్లేశ్వర్ తమ్ముడు శ్రీకాంత్‌ను మూడేళ్ల కింద ఎండాకాలంలో విమానాశ్రయం సర్వీసు రోడ్డు మీద కారు గుద్దింది. అంబులెన్సు వచ్చేదాకా అరగంట పైన అక్కడే పడి ఉన్నాడు. నీళ్లు, నీళ్లు అని అడిగాడట. దెబ్బ తగిలినవాడికి నీళ్లు పట్టిస్తే ప్రమాదమని చుట్టూ నిలబడ్డవాళ్లు ఇవ్వలేదు. వాళ్లు అన్నది నిజమే కావచ్చు. దవాఖానలో డాక్టరు కూడా ఆ మాటే చెప్పాడు. కానీ తల్లికి చెవిలో మిగిలింది నీళ్లన్న మాట ఒక్కటే.

ఆ మరుసటి ఏడు ఉగాదికి, అదే చోట నాలుగు మట్టి రంజన్లతో చలివేంద్రం పెట్టింది. మృగశిర దాకా రోజూ తనే కూర్చుంటుంది. మొదటి గ్లాసు శ్రీకాంత్ ఫోటో ముందు పెడుతుంది. ఆ తర్వాత దారిన పోయేవాళ్లకు. రంజన్ అడుగున మిగిలినవి చెంబులో పట్టుకుని చివరికి తను తాగుతుంది. ముందు తాగదు.

"మోటరు కాలిందా ఏందిరా? నల్లాల చుక్క రాలె."

"అవునవ్వా, కాలింది," మల్లేశ్వర్ వెంటనే అన్నాడు. "వైండింగ్ వోయింది. సాయంత్రానికి చేపిస్త."

దుర్గవ్వ కొడుకును చూసింది, కోడలిని చూసింది. "కాలిన మోటరుకు పొద్దటిసంది కావలి ఎందుకే? పాలకూర కోసే శివమ్మ జెప్పింది, నీ కోడలు డబ్బ ఇడిసి లేస్తలేదని."

అప్పుడు ఆమె ఉపేందర్‌ను చూసింది.

"నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా? మొఖం గట్ల గుంజుకపోయిందేంది? ఏమన్న తిన్నవా? నీ పైపులు సల్లగుండ, రెండు నెల్లాయె ఒక్కనాడు నీళ్లాగలె. ఇయ్యాల గీ మోటరే మోసం జేసింది."

ఆ దీవెనకు ఉపేందర్ ముఖం ఇంకా కిందికి వాలింది.

దుర్గవ్వ నీడలో చతికిలబడింది. కొంగుతో మెడ తుడుచుకుని, రాగి చెంబు ఎత్తింది.

"తాగకు అత్తమ్మా!"

ఉపేందర్ మంచం మీది నుంచి ఉరికి ఆమె చేయి పట్టుకున్నాడు. నీళ్లు ఆమె ఒడిలో ఒలికాయి. "తమ్మీ!" అని అరిచింది అరుణ. మాట జారాక అరిచి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

దుర్గవ్వ తడిసిన చీరను చూసుకుంది. తన మణికట్టు మీద ఉపేందర్ వేళ్లను చూసింది.

"తాగొద్దా నేను?"

"వద్దు."

"మరి వాళ్లు తాగిండ్రు గద."

వాళ్లెవరని ఎవరూ అడగలేదు. ఉపేందర్ ఆమె ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. గుంట గురించి, గార గురించి, కోయని పైపుల గురించి, సంతకం గురించి. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నడుమ రెండు విమానాలు పోయాయి. రెండుసార్లూ అతను ఆగాడు, రెండుసార్లూ ఆమె "ఊ, చెప్పు" అంది.

అంతా అయ్యాక చాలాసేపు తన రెండు చేతుల వంక చూసుకుంది.

"నేనే పోసిన," అంది. "కూరగాయల బండి రాఘవేందర్ రోజు మూడు గ్లాసులు తాగుతడు. టోలు గేటు కాడ ఊడ్సే ఆడిపిల్లలు ఆరుగురు. బిహారోళ్లు, మాట రాదు, దోసిలి వడతరు. ఆటోలోల్లు బాటిళ్లు నింపుకపోతరు. అందరి మొఖాలు నాకెరికె. సల్లగుండు బిడ్డా అనుకుంట పోసిన."

"అవ్వా, నీకు తెల్వక పోసినవ్. నీ తప్పేంది?"

"నా కొడుక్కు ఎవలు నీళ్లియ్యలె. ఇయ్యనోడే మంచోడాయె మల్లేశా. ఇచ్చిన నేను పాపిష్టిదాన్నైతి." ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా. రెండేళ్లుగా ఈ ఇంట్లో ఆమె ఏడుపు ఎవరూ చూడలేదు. చలివేంద్రం పెట్టిన రోజు నుంచి ఏడవలేదు.

అరుణ వచ్చి అత్త పాదాల దగ్గర కూర్చుంది. "అత్తమ్మా, నీ కాల్మొక్త. పైపులు తీసేస్తం. ఇంకోసారి ఒక్క బొట్టు రాదు. ఎవలకు జెప్పకు. తమ్మునికి జైలైతది. ఇద్దరాడిపిల్లలు."

"నాకెరుక లేదా? వాడు నాకు కొడుకసొంటోడు."

"మరి!"

"రేపటి సంది నీళ్లు లేవని చెప్తం. మంచిగనే ఉంటది. నిన్న తాగినోనికేం జెప్తం?"

జవాబు కోసం ఆమె ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. డొంకె అందుకుని లేచి, వచ్చిన దారినే ఎండలోకి నడిచింది. "అవ్వా, అవ్వా" అంటూ మల్లేశ్వర్ వెంటపడ్డాడు. అక్కాతమ్ముళ్లు వెనక నడిచారు.

చలివేంద్రం తాటాకు పందిరి కింద నాలుగు రంజన్లు తడి గోనెసంచులు కప్పుకుని ఉన్నాయి. దుర్గవ్వ గోనెలు తీసి ఒక్కొక్కదాన్ని పక్కకు ఒరిగించింది. అడుగున ఉన్న కాసిని నీళ్లు దుమ్ములోకి పారాయి. బరువుకు ఆయాసపడుతున్నా కొడుకును చేయి వేయనివ్వలేదు. నాలుగోది ఒరిగించాక శ్రీకాంత్ ఫోటో దగ్గరికి పోయింది. పొద్దున పెట్టిన గ్లాసు అక్కడ నిండుగా ఉంది. దాన్ని తీసింది. పారబోయడానికి చేయి రాలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఇయ్యాల నీళ్లు లేవా?"

స్వర్ణలత. విమానాశ్రయంలో నేల తుడిచే పని. మధ్యాహ్నం డ్యూటీకి పోతూ రోజూ ఈ దారినే వస్తుంది. నీలం యూనిఫాం, చేతిలో అయిదు లీటర్ల డబ్బా. ఆమె కిరాయి గదికి నల్లా లేదు.

"మోటరు కాలింది చెల్లె," అన్నాడు మల్లేశ్వర్. "రేపు రా."

"అయ్యో, గట్లనా! డ్యూటీ అయినంక నింపుకపోదామని డబ్బ ఈడ పెట్టిపోదామనుకున్న. మా పాప ఈ నీళ్లు తప్ప తాగదన్నా. కొన్న నీళ్లిస్తే సప్పగున్నయని ఉమ్మేస్తది." నవ్వింది. "సరే, రేపొస్త."

వెనక్కి తిరిగింది. మల్లేశ్వర్ ఊపిరి వదిలాడు. అరుణ తమ్ముడి చొక్కా పట్టుకుని ఉంది.

"ఆగు బిడ్డా," అంది దుర్గవ్వ.

స్వర్ణలత ఆగింది. దుర్గవ్వ గ్లాసు పట్టుకున్న చేత్తోనే ఉపేందర్‌ను ముందుకు రమ్మని సైగ చేసింది.

"నేను సదువుకోలె. నాకు సక్కగ చెప్పరాదు. నువ్వు జెప్పు."

ఉపేందర్ కదలలేదు. అక్క పిడికిట్లో అతని చొక్కా బిగుసుకుంది. విమానం తలమీదికి వచ్చింది, నేల మీద దాని నీడ పందిరి దాటి పోయింది. చప్పుడు సన్నగిల్లింది. ఎవరూ మాట అందుకోలేదు.

స్వర్ణలత ఒరిగిన రంజన్లను చూసింది. తడిసిన దుమ్మును చూసింది. ఏడ్చిన ముసలామె ముఖం చూసింది. ఆమె నవ్వు మెల్లగా పోయింది.

"నీళ్లల్ల ఏమన్న పడ్డదా అవ్వా?"

దుర్గవ్వ మళ్లీ ఉపేందర్ వైపు చూసింది.

"పొద్దుగాల గూడ తాగింది పాప. రెండు గ్లాసులు తాగింది. ఏందన్నా?"

ఉపేందర్ అక్క వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకున్నాడు. అరుణ వద్దు వద్దని తలూపుతూనే ఉంది. అతను రెండడుగులు ముందుకు వేసి, స్వర్ణలత ముఖంలోకి చూడలేక, ఆమె చేతిలోని డబ్బాను చూస్తూ అడిగాడు.

"పాపకెన్నేండ్లు చెల్లె?"

స్వర్ణలత డబ్బాను కిందపెట్టి, దాని నుంచి ఒక అడుగు వెనక్కి జరిగింది.